మంచినీళ్ల బావి: పేరునకును పరీక్షకును గల భేదము

గ్రామములయందలి నీటి వనరులను తనిఖీ చేయ వెళ్లిన అధికారికి ఊరివారు చెప్పు సాక్ష్యము సామాన్యముగా మూడు విధములుగా నుండును. నీరు తేటగా నున్నదందురు. త్రాగుటకు రుచిగా నున్నదందురు. ఆ నీటితో పప్పు త్వరగా ఉడుకుచున్నదందురు. ఈ మూడును విని, బావి గట్టు చూచి, చుట్టుపట్ల మురుగు నిలిచియుండలేదని నిశ్చయించుకొని, తనిఖీ పుస్తకమున "నీరు త్రాగుటకు యోగ్యము" అని వ్రాసి వచ్చుట చాలకాలముగా నున్న వాడుక. కలరా, సన్నిపాత జ్వరము, రక్తగ్రహణి మొదలగు వ్యాధుల విషయమున ఇట్టి తనిఖీ కొంతవఱకు పనికివచ్చును. నీటిలో కరిగియుండు ఫ్లోరైడు విషయమున ఈ మూడు సాక్ష్యములును పనికిరావు. అందు మూడవది అధికారిని తప్పుదారి కూడ పట్టించును.

తెలుగున త్రాగు నీటికి మంచినీరని పేరు. నోటికి ఉప్పగా తగిలినది ఉప్పునీరు, సవుడు నేలలో ఊఱినది సవుడునీరు, తక్కినదంతయు మంచినీరు. అనగా మన భాషయందు నీటి మంచిచెడ్డలను నిర్ణయించు అధికారము నాలుకకే ఈయబడినది. వైద్యశాఖలో అనువాదకుడనై యుండుటచే నాకీ మాట పలుమాఱులు అడ్డు తగిలినది. త్రాగుటకు యోగ్యము కాదని పరీక్షాలయమువారు పంపిన నివేదికను తెలుగు చేయునపుడు, "ఫలాని మంచినీళ్ల బావియందలి నీరు మంచిది కాదు" అని వ్రాయవలసివచ్చును. దానిని చదివిన గ్రామస్థుడు నవ్వినచో తప్పు అతనిది కాదు.

ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. బావులయందు సాధారణముగా కనబడు మోతాదులో రుచియును లేదు. లీటరు నీటిలో అర మిల్లీగ్రాము ఉన్నను, 5 మిల్లీగ్రాములు ఉన్నను గ్లాసులోని నీరు ఒక్కతీరుగనే కనబడును. ఇఁక పప్పు సంగతి. నీటిలో సున్నపు పాలు, అనగా కాల్షియము, హెచ్చుగా నుండినయెడల పప్పు ఉడుకదు. అది తక్కువగానుండి సోడా గుణము హెచ్చినచో పప్పు మెత్తగా ఉడుకును. ఫ్లోరైడు భూగర్భజలములో కరిగి నిలుచుటకు కావలసినదియు తఱచుగా ఇట్టి నీరే. కాల్షియము సమృద్ధిగా నున్నచో ఫ్లోరైడు దానితో కలిసి, కరుగని పదార్థమై, రాతియందే నిలిచిపోవును. కాల్షియము నేలలో సున్నపు గరుసుగా పేరుకొని నీటినుండి తొలగిపోయినచో, ఫ్లోరైడునకు అడ్డు లేకపోవును. అందుచేత ఇల్లాండ్రు "ఈ నీళ్లలో పప్పు వెన్నవలె ఉడుకును" అని మెచ్చుకొను బావిని ముందుగా పరీక్షింపవలసిన బావులలో చేర్చుట మేలని నా అభిప్రాయము. అట్టి బావులన్నియు చెడ్డవని దీని భావము కాదు.

ఈ పదార్థము వెలినుండి వచ్చిపడిన మలినము కాదు. దక్కను పీఠభూమియందలి నల్లసేనపు, ఎఱ్ఱసేనపు రాళ్లలోని కొన్ని ఖనిజములయందును, అభ్రకజాతి పొరలయందును ఇది సహజముగా నున్నది. వాన తక్కువయై, ఎండ హెచ్చై, నీరు రాతి నెఱియలలో చిరకాలము నిలిచియుండు సీమలలో ఇది నీటిలోనికి దిగును. నల్లగొండ, ప్రకాశము, అనంతపురము ప్రాంతములును, కర్ణాటకమున తెలుగువారు విస్తారముగానున్న పావగడ, బాగేపల్లి తాలూకాలును, తమిళనాట ధర్మపురి సీమయు ఇట్టివే. రాజస్థానము, గుజరాతు మున్నగు రాష్ట్రములలోను, సింహళద్వీపమున ఉత్తరమధ్య భాగమునందలి ఎండుభూములలోను ఇదే బాధ కలదు.

మన దేశమున ఈ వ్యాధి మనుష్యులయందు శాస్త్రరీతిగా వర్ణింపబడినది తెలుగు సీమయందే. మద్రాసు రాజధానిలో అప్పటి నెల్లూరు జిల్లాకు చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలోని రోగులను పరీక్షించి, షార్టు దొరగారును, ఆయన సహచరులును 1937లో వ్యాసములు ప్రకటించిరి. ఆ పరిశోధనయందు పాల్గొన్న పండితుగారును, రాఘవాచారిగారును గిండీయందలి కింగు సంస్థకు చెందినవారు. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినపుడు ఆ ప్రాంతములు అందు చేరినవి. పశువులయందు ఇట్టి జాడ్యము అంతకు ముందే గుర్తింపబడియుండెను. దుక్కిటెద్దు కుంటుట రైతునకు వెంటనే తెలియును. మనుష్యుని నడుము వంగుట మాత్రము ముసలితనము క్రింద జమకట్టబడును. అమెరికాలో మక్కే అను దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు వచ్చి, అచటివారి పళ్లపై గోధుమరంగు మచ్చలు చూచి, కారణమునకై ముప్పది యేండ్లు వెదకెను. అది నీటిలోని ఫ్లోరైడని 1931లో తేలినది. నల్లగొండ జిల్లానుగూర్చి సిద్ధికీగారి వ్యాసము 1955లో బ్రిటిషు మెడికలు జర్నలునందు వెలువడెను. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు, ఆ వ్యాధిసీమయందే, మోకాళ్లు లోనికి వంగి ఒండొంటిని తాకునట్లు కాళ్లు వంకరపోయిన పిల్లలనుగూర్చి ప్రకటించిరి.

వ్యాధి రెండు చోట్ల కనబడును: పళ్లలోను, ఎముకలలోను. పళ్లపై వచ్చు మచ్చను ఊళ్లలో గార యనుచున్నారు. ఆ పేరు పొరపాటునకు తావిచ్చుచున్నది. నిజమైన గార చిగుళ్ల మొదట పేరుకొనును, గీకినచో పోవును. ఫ్లోరైడు మచ్చ పంటి పైపూతయందే యుండును. అడ్డగీతలుగా, జంట పళ్లయందు ఒక్కతీరుగా కనబడును. ఎంత తోమినను పోదు. శాశ్వతమైన ముందుపళ్లు సుమారు 6, 7 యేండ్ల వయస్సున మొలచును గాని, వాని పూత తయారగునది పుట్టిన తరువాత మొదటి మూడు నాలుగు యేండ్లలోనే. కావున పదియేండ్ల పిల్లవాని ముందుపళ్లు చూచినచో, ఆ పిల్లవాడు ఇప్పుడు త్రాగుచున్న నీటి సంగతి తెలియదు. వాడు పసివాడుగా నున్ననాటి నీటి సంగతి తెలియును. తాలూకా అధికారికి దీనికంటె చౌకయైన దస్తావేజు దొరకదు. ఒక ఊరికి నదీజలము గొట్టములద్వారా వచ్చి యెనిమిది, తొమ్మిది యేండ్లు దాటినదని లెక్కలు చెప్పుచుండగా, రెండవ తరగతి పిల్లల క్రొత్తపళ్లపై మచ్చలు కనబడుచున్నచో, ఆ గొట్టములనుండి వచ్చిన నీరు ఇండ్లలో త్రాగబడలేదనియైనను, అది నదీజలము కాదనియైనను అనుమానించి విచారింపవలసియున్నది.

ఎముకల వ్యాధికి వయోనియమము లేదు. వేఱొక సీమయందు పుట్టి, తెల్లని పళ్లతో అత్తవారింటికి వచ్చిన కోడలికి పళ్లు చెడవు. కాని ఆ నీటినే చాలయేండ్లు త్రాగినచో నడుము బిగియును. మొదట కీళ్లలో నొప్పి, తరువాత మెడ తిరుగకపోవుట, వంగి లేవలేకపోవుట. వెన్నెముక చుట్టునున్న నరముకట్లు గట్టిపడి ఎముకగా మాఱును. ముదిరినచో వెన్నుపాము నొక్కుకొని కాళ్లు చచ్చుబడును. ఈ దశకు వచ్చిన ఎముకను మఱల పూర్వస్థితికి తెచ్చు మందు లేదు.

పళ్ల మచ్చకు ఒక పేరు, నడుము పట్టునకు మఱియొక పేరు ఉన్నవి గాని, రెండును ఒక్క వ్యాధియే యని తెలుపు తెలుగు మాట జనుల నోట లేదు. కచేరీ కాగితములయందు "ఫ్లోరోసిస్" అని వ్రాయుచున్నాము. ఆసుపత్రికి వచ్చిన రైతు మాత్రము "కీళ్లవాతము" అని చెప్పును. చీటీయందును అదే వ్రాయబడును. నెలసరి లెక్కలయందు అది వాతరోగములలో కలిసిపోవును. ఆ లెక్కను చూచిన జిల్లా అధికారికి ఆ ఊరి నీటిపై అనుమానము కలుగుటకు హేతువు లేదు.

ఎంత ఫ్లోరైడు హెచ్చు అనునది ఎంత నీరు త్రాగుదురను దానినిబట్టి యుండును. కొద్దిపాటి ఫ్లోరైడు పళ్లు పుచ్చిపోకుండ కాపాడును. 1945లో అమెరికాయందలి గ్రాండు రాపిడ్సు నగరమున త్రాగునీటిలో దీనిని కొలిచి కలుపుట ప్రారంభించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరునకు 1.5 మిల్లీగ్రాము. 2012 నాటి భారతీయ త్రాగునీటి ప్రమాణమునందు 1 మిల్లీగ్రామువఱకు అంగీకారయోగ్యమనియు, వేఱు వనరు లేనిచోట మాత్రమే 1.5 వఱకు అనుమతింపవచ్చుననియు నున్నది. నీడపట్టున కూర్చుండి రోజునకు 2 లీటర్లు త్రాగువానికి, 1.5 హద్దున, నీటివలన చేరునది 3 మిల్లీగ్రాములు. వేసవిలో ప్రొద్దుననుండి సాయంకాలమువఱకు పొలమున పనిచేసి 6 లీటర్లు త్రాగు కూలికి, 3 మిల్లీగ్రాముల నీటివలన, 18 మిల్లీగ్రాములు చేరును. ఒక్కబావి నీరే త్రాగుచు, కరణము పనిచేయువాడు నిటారుగా నడచుట, కూలివాడు వంగిపోవుట, దైవికము కాదు.

తిండియొక్క పాత్రయు కొంత కలదు. పాలు, రాగులు మున్నగువానివలన కాల్షియము చాలినంత లభించువారికి బాధ కొంత తగ్గుననియు, తినక పస్తులుండువారికి హెచ్చుననియు పరిశోధకులు గమనించిరి. చింతపండు వాడినవారి మూత్రమున ఫ్లోరైడు హెచ్చుగా వెడలిపోవుట జాతీయ పోషకాహార సంస్థవారు చూచిరి. జొన్నయన్నము తినువారి శరీరమున ఇది హెచ్చుగా నిలుచుటయు వారు చూచిరి. తేయాకునందును, నల్లఉప్పునందును ఫ్లోరైడున్నది. అయినను చారులో చింతపండు హెచ్చించుడని ప్రకటన చేసి, బావిని అట్లే విడిచిపెట్టుట పరిపాలన అనిపించుకొనదు. బీదవానికి ఆహారమును మార్చుకొమ్మని చెప్పుట సులభము. బావిని మార్చుట మన పని.

ఇచట ప్రభుత్వ శాఖల చరిత్రయందలి ఒక సంగతిని దాచకుండ చెప్పవలెను. దిగుడు బావులలో కాళ్లు పెట్టి నీరు ముంచుటచే వ్యాపించిన నారికురుపును నిర్మూలించుటకు ఆ బావులను మూసి, చేతిపంపులు వేయించిరి. ఆ పని నెగ్గినది: 1996 జూలై తరువాత మన దేశమున నారికురుపు రోగి కనబడలేదు, 2000లో దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను. కాని రాతినేలలలో లోతుగా దించిన ఆ బోర్లలో కొన్ని ఫ్లోరైడు నీటిని పైకి తెచ్చినవి. వానలు తప్పి, సేద్యపు మోటార్లు పెరిగి, నీటిమట్టము దిగినకొలదియు బోర్లు ఇంకను లోతునకు పోయినవి. బంగాళాదేశమునందు ఇంతకంటె ఘోరము జరిగినది. చెఱువునీటివలన కలుగు విరేచనములనుండి పసిపిల్లలను రక్షించుటకు 1970 దశకమునుండి విస్తారముగా వేయించిన గొట్టపు బావులలో పాషాణమున్నట్లు 1993లో బయటపడెను. అప్పుడచట పరీక్షించిన పంపుల మూతులకు, త్రాగదగినదానికి ఆకుపచ్చయు, త్రాగగూడనిదానికి ఎఱుపును పూసిరి. ఒక రోగమునకు చేసిన మంచి ఏర్పాటు మఱియొక రోగమునకు దారి యగునపుడు, తప్పు ఏర్పాటును చేయుటలో లేదు; చేసిన తరువాత నీటిని పరీక్షింపకపోవుటలో నున్నది.

నా వంతు తప్పును కూడ చెప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట ఒక కచేరీ కోరగా "కాచి చల్లార్చిన నీరే క్షేమము" అను కరపత్రమును తెలుగు చేసితిని. అది ఊరూరను అంటింపబడెను. తరువాత ఒకమాఱు వైద్యబృందముతో ఒక మెట్టసీమ గ్రామమునకు దుబాసిగా వెళ్లితిని. పంచాయతీ గోడపై నా కరపత్రమే యున్నది. దాని క్రింద అరుగుమీద అరువదియేండ్ల పెద్దమనిషి కూర్చుండియుండెను. ఆయన మావైపు చూచుటకు మెడ త్రిప్పలేక, చేతులూని, ఒళ్లంతయు త్రిప్పుకొనెను. "అయ్యా, తమరు వ్రాయించినట్లే కాచి త్రాగుచున్నాము. ఇంకను ఎంతసేపు కాచవలెనో సెలవియ్యండి" అని అడిగెను. కాచుటవలన క్రిములు చచ్చును. కరిగియున్న ఫ్లోరైడు పోదు. ఆవిరియై నీరు తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు కొంచెము హెచ్చును కూడ. నేను ఆయనకు చెప్పిన జవాబు నాకే తృప్తిగా లేదు. మరలి వచ్చి, ఫ్లోరైడున్న ఊళ్లకు పంపు ప్రతులలో ఈ సంగతి తెలుపు ఒక్క వాక్యము చేర్చవలెనని వ్రాసి పంపితిని. మఱుసటి ముద్రణయందును అది చేరలేదు.

ఇఁక చేయదగిన పని. ఖర్చుగల యంత్రములనుగూర్చి ఆలోచించుటకు పూర్వము ఊరిలోని ప్రతి బావిని, ప్రతి బోరును వేర్వేరుగా పరీక్ష చేయింపవలెను. ఒకే వీధియందు ఒక బావిలో ఫ్లోరైడు హద్దునకు లోబడియు, మఱియొకదానిలో నాలుగైదు రెట్లు మీఱియు నుండుట వింత కాదు. ఊరికంతకు ఒక్క సీసా పంపి, వచ్చిన అంకెను ఊరు మొత్తమునకు అంటగట్టుట వలన మంచి బావులు చెడ్డవగుచున్నవి, చెడ్డవి మంచివగుచున్నవి. మంచి బావి ఒక్కటి దొరకినను దానిని త్రాగుటకును వంటకును ప్రత్యేకించి, తక్కినవానిని స్నానమునకు, బట్టలకు విడువవచ్చును. వంటకు అను మాటను విడువరాదు. కొన్న క్యాను నీరు త్రాగి, బోరు నీటితో అన్నము వండుకొను ఇండ్లు పట్టణములలోను హెచ్చుగా నున్నవి. అన్నము పీల్చిన నీటితో ఫ్లోరైడును కడుపులోనికే పోవును. బడి, అంగన్‌వాడీ కేంద్రములయందలి నీటిని మొట్టమొదట పరీక్షింపవలెను. పూత తయారగుచున్న పళ్లు అచటనే యున్నవి.

మంచి బావి లేనిచోట శుద్ధి చేయక తప్పదు. నాగపురమునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970 దశకమున రూపొందించినది నల్లగొండ పద్ధతి యని పేరుపొందినది. నీటిలో సున్నమును, పటికను, బ్లీచింగు పొడిని కలిపి, కలియద్రిప్పి, మడ్డి క్రిందికి దిగిన పిమ్మట పైతేటను తీసికొందురు. చౌకయైనదే. కాని పటిక ఎంత వేయవలెననునది ఆయా నీటి గుణమునుబట్టి మాఱును. కొలత తప్పినచో ఫ్లోరైడు మిగులును, లేదా పటికలోని అల్యూమినియము నీటిలో నిలుచును. రోజును కొలిచి వేయు మనిషి ఉన్నంతకాలము ఇది నడచును. అతని జీతము ఆగిననాడు ఆగును. ఈ కాలమున ఊరూరను వెలసిన ఆర్.ఓ. యంత్రములు ఫ్లోరైడును బాగుగా తీసివేయును గాని, అవి విడిచిపెట్టు నీటిలో ఆ ఫ్లోరైడంతయు చిక్కబడి యుండును. దానిని ఆ బావి ప్రక్కనే కాలువ త్రవ్వి ఇంకించుట నేను చూచితిని.

దూరపు నదీజలమును గొట్టములద్వారా తెచ్చుట అన్నిటికంటె నిలుకడయైన ఉపాయము. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథవలన నల్లగొండ పల్లెలకు కృష్ణాజలములు వచ్చినవి. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషను దేశమంతటను ఇంటింటి కుళాయిని ఉద్దేశించినది. ఇందు పురపాలక, తాలూకా అధికారులు కనిపెట్టవలసినది ఒకటి కలదు. గొట్టము పగిలియో, విద్యుత్తు లేకయో నాలుగు దినములు సరఫరా ఆగినపుడు, జనుల కేకలకు వెఱచి, పాత బోరు నీటిని అదే ట్యాంకులోనికి ఎక్కించుట కలదు. కుళాయి ఒక్కటే గనుక ఏ నీరు వచ్చుచున్నదో ఇంటివారికి తెలియదు. అట్లు ఎక్కింపక తప్పని దినములలో దండోరా వేయించి, త్రాగునీటిని లారీలపై వేఱుగా పంపవలెను. ఆ తేదీలను ట్యాంకు పుస్తకమున వ్రాయవలెను.

పరీక్షకు పంపు నీటిని గాజు సీసాలో పట్టరాదు; ఫ్లోరైడు గాజుతో కలియు స్వభావము గలది. శుభ్రమైన ప్లాస్టిక్కు సీసాను ఆ నీటితోనే మూడుమాఱులు తొలిచి, పంపును కొంతసేపు కొట్టి నిలువనీరు పోయిన తరువాత నింపవలెను. సీసాపై ఊరు, వీధి, బోరు లోతు, తేదీ వ్రాయవలెను. వానలకు ముందొకమాఱు, వెనుకనొకమాఱు పంపవలెను. ఫలితము వచ్చిన పిమ్మట ఆ అంకెను కచేరీ దస్త్రమున మాత్రమే ఉంచక, పంపు దిమ్మెపై రంగుతో తెలుగు అంకెలలోనో, ఊరివారు చదువగల మఱి యే అంకెలలోనో వ్రాయింపవలెను. ప్రక్కన "త్రాగవచ్చును" లేక "త్రాగరాదు, వంటకు వాడరాదు" అని యుండవలెను. "యోగ్యము", "అయోగ్యము" అను మాటలు వలదు. రంగు వెలసినపుడు మఱల పూయించుటకు ఏటికొకమాఱు సొమ్ము చూపవలెను.